ఇంట్లోకి వచ్చే నీళ్ల పైపు సీసపుదా? మీరే చూసి తెలుసుకోండి

కుళాయి నీళ్లు గ్లాసులో పట్టి వెలుగులో ఎంతసేపు చూసినా సీసం కనపడదు. వాసన రాదు, రుచి మారదు, అడుగున మడ్డిలా తేరుకోదు. తుప్పు నీళ్లయితే ఎర్రగా వచ్చి వాటంతట అవే చెప్పేస్తాయి, సీసం కలిసిన నీళ్లు మాత్రం తేటగా మంచినీళ్లలాగే ఉంటాయి. అందుకే నీళ్ల దగ్గర కాదు, పైపు దగ్గర మొదలుపెట్టండి. ఒక నాణెం, ఒక గట్టి అయస్కాంతం, తడిగుడ్డ, టార్చిలైటు, ఓ పది నిమిషాల టైమ్ ఉంటే ఇంట్లోకి వచ్చే పైపు ఏ లోహమో మీరే తేల్చుకోవచ్చు, ప్లంబర్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

అసలు తాగే నీళ్లకి సీసం పైపులు ఎందుకు వేశారంటే, ఆ లోహం పనికి అంత అనువైనది. మెత్తగా ఉంటుంది, వంచితే వంగుతుంది, నేల కాస్త కుంగినా పగలదు, భూమిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. రోమన్ల కాలం నుంచీ వాడుతున్నారు, లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు, ప్లంబర్ అనే మాట పుట్టింది అందులోంచే. బ్రిటన్‌లో 1970 ప్రాంతం దాకా ఇళ్లకి ఇవి వేశారు. అమెరికాలో 1986లో చట్టం చేసి ఆపారు, షికాగోలో అయితే అప్పటిదాకా ఇంటి కనెక్షన్‌కి సీసం పైపే వేయాలని రూలే ఉండేది. కాబట్టి మొదట అడగాల్సింది ఇల్లు ఎప్పటిది అని. గోడలు కొత్తగా కట్టినా, వంటగది మొత్తం మార్చేసినా, వీధిలోంచి వచ్చే పైపు మాత్రం మొదటి కనెక్షన్ నాటిదే అయి ఉండొచ్చు, ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఎక్కడ చూడాలి?

వీధిలో పెద్ద పైపు నుంచి మీ ఇంటికి ఒక చిన్న పైపు వస్తుంది. అది నేలలోంచో గోడలోంచో పైకి లేచి మీటరు దగ్గరో, మొత్తం ఇంటికి నీళ్లు కట్టేసే మెయిన్ వాల్వ్ దగ్గరో కనిపిస్తుంది. మీకు కావలసింది ఆ చోటు, నేలలోంచి బయటికి వచ్చి మొదటి వాల్వ్‌ని చేరే ఆ జానెడు ముక్క. సింకు కింద పైపు చూసి "మాది ప్లాస్టిక్, మాకేం భయం లేదు" అనుకోవద్దు, అది ఇంటి లోపలి లైను మాత్రమే. మెయిన్ వాల్వ్ మెట్ల కిందో, అటక మీదో, పెట్టె వెనకో ఉంటుంది, సామాను జరిపి చూడాల్సి రావొచ్చు. అపార్ట్‌మెంట్ అయితే మీ ఫ్లాట్‌లో చూస్తే సరిపోదు, బిల్డింగ్‌లోకి లైను వచ్చే చోటు చూపించమని మెయింటెనెన్స్ వాళ్లని అడగండి.

ముందు ఊరికే చూడండి. రాగి పైపు అయితే పాత రాగి నాణెం రంగులో ఉంటుంది, అక్కడక్కడ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ప్లాస్టిక్ సంగతి చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది. ఇబ్బందంతా బూడిద రంగు పైపులతోనే, ఎందుకంటే జి.ఐ. పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, సీసం పైపు రెండూ పాతబడితే ఒకేలా బూడిద రంగులోకి వస్తాయి. జి.ఐ. పైపు నిటారుగా, గీత గీసినట్టు ఉంటుంది, మలుపు దగ్గర మరలు తిప్పి బిగించిన ఎల్బో ఉంటుంది. సీసం పైపుకి మలుపు దగ్గర ఎల్బో ఉండకపోవచ్చు, పైపునే మెల్లగా వంచేసి ఉంటారు. వాల్వ్‌కి అతికించిన చోట చూడండి, కప్పను మింగిన పాములా పైపు ఒక్కచోట ఉబ్బి కనిపిస్తే అది సీసం పైపులకి చేతితో మెత్తి వేసే అతుకు. ఆ ఉబ్బు కనిపించిందంటే నాకు మటుకు సగం సందేహం అక్కడే తీరిపోతుంది.

గీకి చూడటం

పైపు మీద దుమ్ము తడిగుడ్డతో తుడవండి. రంగు వేసి ఉంటే గరుకు కాగితం పెట్టి రుద్దొద్దు, పాత రంగుల్లోనూ సీసం ఉండేది, ఆ పొడి గాల్లోకి లేస్తే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే. నాణెం అంచుతో గోరంత మేర మెల్లగా గీకండి. అతుకు మీద కాదు, పైపు మీద గీకాలి. కత్తి, రంపం, డ్రిల్లు వాడొద్దు, సీసం ఎంత మెత్తనిదంటే గట్టిగా గీకేస్తే పైపుకే గాటు పడుతుంది.

సీసం అయితే నాణెం దిగుతున్నట్టు చేతికే తెలుస్తుంది, గట్టిగా నొక్కే పని ఉండదు. పైన నల్లటి బూడిద రంగు పొర పోయి దాని కింద వెండిలా తళతళలాడే గీత బయటపడుతుంది. ఆ మెరుపు నిలవదు, కొన్నాళ్ల తర్వాత వచ్చి చూస్తే గీత మళ్లీ మసకబారి చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయి ఉంటుంది. రాగి అయితే గీత ఎర్రగా, నారింజ ఛాయలో వస్తుంది. జి.ఐ. పైపు గీకినా పెద్దగా గీత పడదు, జింకు పూత మాత్రం కొంచెం మెరుస్తుంది.

ఆ కొంచెం మెరుపు దగ్గరే పొరపాటు పడతాం. నేను మొదటిసారి గీకినప్పుడు రంగు కింద తెల్లగా మెరిసేసరికి సీసమేనని అనుకుని తెగ టెన్షన్ పడిపోయాను, తర్వాత అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది, అది జి.ఐ. పైపు. అందుకే రెండూ కలిపి చేయండి. సీసానికి అయస్కాంతం అతుక్కోదు, రాగికీ అతుక్కోదు, ఇనుముకి అతుక్కుంటుంది. గీకితే వెండిలా మెరిసి, అయస్కాంతం జారిపోతే, అది సీసమేనని తీసుకోండి. రంగు మందంగా ఉంటే బలహీనమైన అయస్కాంతం ఇనుముని కూడా సరిగా పట్టదు, కాస్త గట్టిది వాడండి. ఇంకా అనుమానం ఉంటే వేలి కణుపుతోనో చిన్న స్పానర్‌తోనో మెల్లగా తట్టి వినండి. రాగి, ఇనుము ఖంగుమంటాయి, సీసం డబ్‌మని మొద్దుగా పలుకుతుంది. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, తుడిచిన గుడ్డ పారేయండి, గీకిన చోట పిల్లలు చెయ్యి పెట్టకుండా చూడండి.

కనపడని పైపు మాటేమిటి?

మీరు చూసింది ఒక చివర మాత్రమే. కొన్నిచోట్ల ఇంటి లోపలి ముక్క ఎప్పుడో మార్చి, భూమిలో ఉన్నది అలాగే వదిలేసి ఉంటారు. కాబట్టి ఆ చివర రాగి కనపడితే సంతోషించండి గానీ అక్కడితో ఆగొద్దు. మీటరు ఇంటి బయట గుంతలో ఉంటే మూత తీసి దానికి రెండు వైపులా ఉన్న పైపులు చూడండి. నీళ్ల సరఫరా ఆఫీసులో మీ కనెక్షన్ రికార్డు అడగండి. అమెరికాలో అయితే 2024 అక్టోబర్ 16 నాటికి ప్రతి సరఫరా సంస్థా ఏ ఇంటికి ఏ పైపు ఉందో జాబితా తయారు చేయాలని రూలు వచ్చింది, అక్కడ ఉండేవాళ్లు అందులో తమ ఇల్లు చూసుకోవచ్చు. మీ ఇంటితో పాటే కట్టిన పక్కింటివాళ్లు ఈ మధ్య రోడ్డు తవ్వి పైపు మార్పించుకుని ఉంటే, పాతది ఏం బయటపడిందో అడగండి. మీ ఇంటికీ అదే వేసి ఉండే అవకాశం ఎక్కువ.

జి.ఐ. పైపు అని తేలినా పూర్తిగా నిశ్చింత కాదు. దానికి ఎగువన ఎప్పుడైనా సీసం పైపు ఉండి ఉంటే, అందులోంచి వచ్చిన సీసం జి.ఐ. పైపు లోపలి తుప్పులో పేరుకుని ఉంటుంది. సీసం పైపు తీసేసిన ఏళ్లకి కూడా ఆ తుప్పు పెళ్లలు ఊడినప్పుడల్లా నీళ్లలోకి వస్తుంది. రాగి పైపులతోనూ ఇంకో చిక్కు ఉంది, పైపు రాగిదే అయినా దాని పాత అతుకులకి వేసిన మాటు తగరం, సీసం కలిపిందై ఉండొచ్చు. అతుకు చుట్టూ వెండి రంగు ఉంగరంలా కనపడేది అదే. అమెరికా తాగునీటి పైపులకి ఈ మాటు కూడా 1986లోనే నిషేధించింది.

ఇక ఇత్తడి. ఇత్తడి తేలిగ్గా కోతకి రావాలని అందులో కాస్త సీసం కలుపుతారు, కుళాయి పైకి స్టీలులా మెరుస్తున్నా అది పూత మాత్రమే, లోపల నీళ్లు తగిలేది ఇత్తడికే. అమెరికాలో 2014 జనవరి దాకా 8 శాతం వరకు సీసం ఉన్న పైపులు, ఫిట్టింగులని కూడా "సీసం లేనివి" అనే పేరుతో అమ్మడానికి చట్టమే ఒప్పుకుంది, ఆ తర్వాతే దాన్ని 0.25 శాతానికి దించారు. అట్ట మీద రాసింది చూసి పాత కుళాయిని నమ్మొద్దని నేను అనేది అందుకే.

సీసం పైపు ఉన్న ప్రతి ఇంట్లోనూ నీళ్లలో ఒకే మోతాదులో సీసం ఉండదు, దానికో కారణం ఉంది. పాత పైపు లోపల ఏళ్ల తరబడి గార కడుతుంది, ఆ గార లోహానికీ నీళ్లకీ మధ్య అడ్డుగోడలా ఉంటుంది. నీళ్ల గుణం మారితే గార కరుగుతుంది, ఊడుతుంది. వాషింగ్టన్ డి.సి.లో 2000లో నీళ్లని శుద్ధి చేసే మందు క్లోరిన్ నుంచి క్లోరమైన్‌కి మార్చారు, ఆ తర్వాత ఇళ్ల కుళాయిల్లో సీసం బాగా పెరిగింది. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో 2014 ఏప్రిల్‌లో నది నీళ్లకి మారి, పైపులు కొరుక్కుపోకుండా కలపాల్సిన మందు కలపలేదు, అక్కడా ఇదే జరిగింది. ఆ ఇళ్లలో పైపులేం మారలేదు, లోపల పారే నీళ్లే మారాయి. నిరుడు పరీక్షలో బాగానే వచ్చింది కదా అని ఈ ఏడు కళ్లు మూసుకోకూడదు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నీళ్లు పరీక్షకి పంపడం

పైపు సీసందని తేలినా, తేలకపోయినా, నీళ్లలో ఎంత ఉందో చెప్పగలిగేది ల్యాబ్ ఒక్కటే. టి.డి.ఎస్. మీటరు ఇందుకు పనికిరాదు. దాన్ని నీళ్లలో ముంచి అంకె తక్కువ వచ్చింది కదా అని ధైర్యంగా తాగేవాళ్లు చాలామంది, అది చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది, దానికి అతి చిన్న మెట్టు సాధారణంగా 1 మిల్లీగ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ సీసానికి పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు, ఆ మెట్టులో వందో వంతు. హద్దుకి పది రెట్లు సీసం ఉన్నా టి.డి.ఎస్. అంకె కదలదు. రంగు మారే పట్టీల కిట్‌లు కూడా నీళ్లలో కొట్టుకొచ్చే సీసపు రేణువుల్ని సరిగా పట్టుకోలేవు, కిట్ "లేదు" అంది కదా అని వదిలేయకండి.

నీళ్లు పట్టే పద్ధతిలోనే అసలు సంగతంతా ఉంది. రాత్రి పడుకునే ముందు నుంచి కనీసం 6 గంటలు ఇంట్లో ఎక్కడా నీళ్లు వాడకూడదు, టాయిలెట్ ఫ్లష్ కూడా. పొద్దున లేవగానే, ఎవరూ ఏ కుళాయీ ముట్టకముందే, తాగడానికి పట్టే కుళాయి దగ్గరికి వెళ్లి చన్నీళ్ల వైపు మామూలుగా ఎంత తిప్పుతారో అంత తిప్పి, మొదటి చుక్క నుంచే ల్యాబ్ ఇచ్చిన లీటరు సీసాలోకి పట్టండి. సన్నటి ధారలో పట్టొద్దు, కుళాయి మూతికి ఉండే జల్లెడ తీసేయొద్దు, ముందు కాసేపు వదిలేయొద్దు, ఫిల్టర్ గుండా పట్టొద్దు. ఇవన్నీ చేస్తే అంకె తగ్గుతుంది, మీకు రోజూ అందే నీళ్ల సంగతి మాత్రం తెలియదు.

మొదటి లీటరు ఒక్కటే పంపితే మీకు కుళాయి, దాని దగ్గరి ఫిట్టింగుల కథ మాత్రమే తెలుస్తుంది. ఎందుకో లెక్క చూడండి. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లున్న పైపులో మీటరు పొడవుకి దాదాపు 0.31 లీటరు నీళ్లు పడతాయి. మీ కుళాయి నుంచి మెయిన్ వాల్వ్ దాకా పైపు 10 మీటర్లుంటే అందులోనే 3 లీటర్లకు పైగా ఉంటాయి. రాత్రంతా భూమిలోని సీసం పైపులో నిలిచిన నీళ్లు మీ సీసాలోకి వచ్చేది నాలుగో లీటరుకో ఐదో లీటరుకో. పైపు సన్నగా ఉండి లోపలి వ్యాసం 13 మిల్లీమీటర్లయితే మీటరుకి 0.13 లీటరే, అప్పుడు రెండో లీటరుకే వచ్చేస్తాయి. టేపు పట్టుకుని ఇంట్లో పైపు వెళ్లే దారంతా కొలవండి, ఏ లీటరు పట్టాలో మీకే తెలుస్తుంది. కుళాయి కట్టేయకుండా సీసా తర్వాత సీసా మారుస్తూ వరసగా పట్టి, ప్రతిదాని మీద నంబరు వేయండి. తర్వాత 5 నిమిషాలు నీళ్లు వదిలేసి చివరగా ఇంకొక సీసా పట్టండి. మొదటిది, సీసం పైపులో నిలిచినది, చివరిది, ఈ మూడూ ల్యాబ్‌కి పంపండి.

ఫలితాలు చదవడం కష్టమేం కాదు. ఉదాహరణకి మొదటి సీసాలో 18, ఐదో దాంట్లో 4, చివరి దాంట్లో 1 మైక్రోగ్రాము వచ్చాయనుకోండి, తప్పు కుళాయిదో దాని కిందున్న వాల్వ్‌దో, అవి మారిస్తే సరిపోవచ్చు. మొదటిది 5, ఐదోది 22, చివరిది 3 అయితే వేలు భూమిలో పైపు వైపు చూపిస్తోంది. మూడూ ఒకేలా ఎక్కువగా వస్తే సమస్య మీ ఒక్క ఇంటిది కాకపోవచ్చు, వెంటనే సరఫరా వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి. రిపోర్ట్‌లో కొలమానం చూసుకోండి, మిల్లీగ్రాముల్లో 0.02 అని ఉంటే చిన్నగా అనిపిస్తుంది, అది 20 మైక్రోగ్రాములు. హద్దుల విషయానికొస్తే, భారతదేశపు ఐ.ఎస్. 10500 ప్రమాణం కూడా 10 మైక్రోగ్రాములే, యూరోపియన్ యూనియన్ 2036 నుంచి 5 అంటోంది, అమెరికా 1991లో 15 పెట్టింది. అయితే ఈ హద్దులు సరఫరా వ్యవస్థలని నడపడానికి పెట్టినవి. సీసానికి ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పసిపిల్లలున్న ఇంట్లో 8 వచ్చిందంటే నేనైతే పాస్ అయ్యాం అనుకోను. పెద్దవాళ్లతో పోలిస్తే చిన్నపిల్లల ఒంటికి సీసం 4 నుంచి 5 రెట్లు ఎక్కువ పడుతుంది, ఎదిగే మెదడుకి అది చేసే నష్టం తర్వాత పూడ్చలేం. సీసం ఎముకల్లో దాక్కుని, గర్భంతో ఉన్నప్పుడు మళ్లీ రక్తంలోకి వచ్చి కడుపులోని బిడ్డని చేరుతుంది.

పైపు మార్చేదాకా

ఇవాళ్టి నుంచే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. తాగడానికీ వంటకీ చన్నీళ్లే పట్టండి, వేడినీళ్లు సీసాన్ని ఎక్కువ కరిగిస్తాయి, గీజర్ నీళ్లతో పాలపొడి కలపడం అస్సలొద్దు. కాచి తాగితే పోతుందనుకోవడం పెద్ద పొరపాటు. కాచితే క్రిములు చస్తాయి, సీసం ఎక్కడికీ పోదు, పైగా నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది చిక్కబడుతుంది. చాలాసేపు నీళ్లు వాడకుండా ఉంటే ముందు ఇంట్లో స్నానాలు, బట్టలు ఉతకడం లాంటి పనులు కానిచ్చి, తర్వాత తాగే కుళాయి కూడా కాసేపు వదిలి, అప్పుడు పట్టుకోండి. ఎంతసేపు వదలాలో పైన వేసిన పైపు లెక్కే చెబుతుంది. స్నానానికి భయం లేదు, చర్మం గుండా సీసం లోపలికి పోదు, పిల్లలు ఆ నీళ్లు మింగకుండా చూసుకుంటే చాలు.

ఫిల్టర్ కొనేటప్పుడు సీసం తీసేస్తుందని పరీక్షించి ధ్రువీకరించిందేనా చూడండి. అమెరికాలోని ఎన్.ఎస్.ఎఫ్. అనే సంస్థ పెట్టిన 53 నంబరు ప్రమాణం, ఆర్.ఓ. అయితే 58, ఆ ముద్రతో పాటు "సీసం" అనే మాట కూడా విడిగా రాసి ఉండాలి, ఎందుకంటే అదే ప్రమాణం కింద వేరే పదార్థాలకి మాత్రమే ధ్రువీకరించిన ఫిల్టర్లూ ఉన్నాయి. కార్ట్రిడ్జ్ గడువు దాటితే అది ఉన్నా లేనట్టే. కుళాయి మూతి జల్లెడ నెలకోసారి విప్పి కడగండి, అందులో చిక్కుకున్న ఇసుకలాంటి రేణువుల్లో సీసం పెళ్లలూ ఉండొచ్చు. వీధిలో తవ్వకాలు జరిగినా, మీటరు మార్చినా ఆ రోజే ఇంకోసారి కడగండి, ఆ కుదుపుకి గార ఊడుతుంది.

పైపు మార్చడం అంటూ మొదలుపెడితే వీధి పెద్ద పైపు నుంచి ఇంటి వాల్వ్ దాకా మొత్తం మార్పించండి. సగం మార్చి సగం ఉంచితే, కోసేటప్పుడు తగిలే కుదుపుకి మిగిలిన ముక్కలో గార ఊడి కొన్ని వారాల పాటో నెలల పాటో నీళ్లలో సీసం ముందుకన్నా పెరగొచ్చు, కొత్త రాగి ముక్కని పాత సీసానికి నేరుగా కలిపితే ఆ అతుకు దగ్గర సీసం ఇంకా త్వరగా కొరుక్కుపోతుంది. మొత్తం మార్చాక కూడా ఇంట్లో అన్ని కుళాయిల జల్లెడలూ తీసేసి, చన్నీళ్లు పూర్తిగా తిప్పి కనీసం అరగంట పారనివ్వండి, తర్వాత జల్లెడలు కడిగి పెట్టుకోండి. ఫిల్టర్ వెంటనే తీసేయొద్దు. కొన్ని నెలలాగి మళ్లీ అదే పద్ధతిలో, అదే కుళాయి దగ్గర, 6 గంటలు నిలిచిన నీళ్లు పట్టి పంపండి, పాత రిపోర్ట్ పక్కన పెట్టి చూసుకున్నాకే ఫిల్టర్ సంగతి ఆలోచించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, గర్భవతులుంటే, పైపు పని అయ్యేదాకా ఆగకుండా డాక్టర్‌కి చెప్పి రక్తంలో సీసం పరీక్ష ఈలోపే చేయించండి.